గోరింకలు కూసున్న వైరు

మొన్న ఆదివారం మా బిడ్డ చిన్నిని తీస్కొని యూనివర్సిటీ క్యాంపస్ అడవిలకు పోయిన. చలికాలంల ఆదివారం పొద్దుగాల పిల్లలకు ఫ్రీగ చెట్లు, పిట్టలు చూపిస్తరని మా గల్లీ ఆడోళ్ళ వాట్సాప్ గ్రూపుల ఎవరో పెట్టిండ్రు. నేను తార్నాకల ఒక టైలర్ షాపుల జాకెట్లు కుడతా. వారమంత మిషిన్ తొక్కి తొక్కి, ఆదివారమొక్కటే పొద్దెక్కేదాక పండుకుంటా. గయినా లేచి పోయిన. షాపుల నా పక్కన కుట్టే ఆమెకు ఈ సంగతి చెప్తే ఒకటే నవ్వుడు. పిట్టలను చూడనీకి గంత దూరం పోవుడెందుకు, మీ ఇంటి ముంగట కాకి లేదా అన్నది. కాకులకేం తక్వ, మస్తుగున్నయి. గానీ నన్ను గాడికి ఏం గుంజుకపోయిందో ఆమెకు చెప్పుకుంట కూసుంటే రెండు జాకెట్ల పని ఆగిపోతది. అందుకే గీడ రాస్తున్న.

అడవి మొదట్ల టోపీ పెట్టుకున్న ఒక కాలేజీ అమ్మాయి పిల్లల పేర్లు అడుగుతున్నది. మా చిన్ని తన పేరు తనే చెప్పింది. ఎక్కడి నుంచి వస్తున్నరు ఆంటీ అని ఆ అమ్మాయి నన్నడిగింది. ఆంటీ అన్నందుకు కొంచెం మండింది, అది పక్కన పెట్టున్రి. నా చెయ్యి దానంతట అదే లేచి గాలిల ఊగింది, నా నోరు దానంతట అదే "గటు దిక్కు, లాలాపేట్ సైడు" అన్నది. చిన్ని నా దిక్కు వింతగ చూసింది. ఇంటి నంబరు దాంతోని నేనే బట్టి పట్టించిన, నిద్రల లేపి అడిగినా చెప్తది. గట్లాంటిది అమ్మకే గుర్తు లేదా అనుకున్నదేమో. నాకు నవ్వొచ్చింది. నాకు నంబరున్నది, తలుపున్నది, బెల్లు గూడ ఉన్నది. గయినా నా నోరు మాత్రం ఇంక పాత గల్లీలనే తిరుగుతున్నదని అప్పుడు తెలిసింది.

మా చిన్నప్పుడు మా గల్లీల పిల్లలకు నడక తర్వాత నేర్పేది ఇదే. ఇల్లెక్కడ అని ఎవరన్న అడిగితే వేలు పెట్టి చూపించొద్దు. గటు దిక్కు అనాలె, చెయ్యి ఊపాలె, అంతే. మా గల్లీ క్యాంపస్ గోడకు వీపు ఆనించుకొని ఉంటది. మా తాత జనగాం దిక్కు ఎవుసం ఇడిసిపెట్టి వచ్చి గీడ గుడిసె ఏసిండట. మా బాపు మేస్త్రి. ఎవరెవరికో రెండంతస్తుల మూడంతస్తుల ఇండ్లు కట్టిండు, మాకు మాత్రం ఒక్క అర్ర, మీద రేకులు, రేకుల మీద నీలం కవరు, కవరు ఎగిరిపోకుండ దాని మీద రాళ్ళు. ఎందుకంటే మా ఇంటికి పట్టా కాయితం లేదు. గల్లీల ఎవరింటికీ లేదు. కాయితం లేని ఇంటికి సిమెంటు పెడితే ఆ సిమెంటు కూడ పాయె అనేటోడు బాపు. ఒకసారి టేపులు పట్టుకొని సర్వేవాళ్ళొచ్చి గోడల మీద ఎర్ర రంగు గీతలు గీసి పోయిండ్రు. కొన్ని దినాలకే మా వెనక బస్తీల ఇండ్లు కూలగొట్టిండ్రు. మా దాంక రాలే. ఎందుకు రాలేదో తెల్వది, ఎప్పుడొస్తరో తెల్వది. గందుకే టేపు కనబడ్డా, ఎర్ర రంగు కనబడ్డా, అంగీ టక్ చేసుకున్న మనిషి కనబడ్డా మా గల్లీల తలుపులు మూత పడేటివి.

చలికాలం పొద్దుగాల అంటే నాకు ముందుగాల పొగ వాసనే యాదికొస్తది. మా అమ్మ వాకిట్ల మూడు రాళ్ళ మీద బాగోన గిన్నె పెట్టి నీళ్ళు కాగబెట్టేది. గోడ అవుతల రాలిన నీలగిరి ఆకు, పుల్లలు ఏరుకొచ్చి మంట పెట్టేది. ఆకు చిటపటమని మండేది, జలుబు మందు వాసనొచ్చేది. ఆ వాసన మా జడలల్ల ఉండిపోయేది, బడిల మమ్మల్ని చూడకుండనే గుర్తుపట్టేటోళ్ళు. మా అవ్వ గడప మీద కూసొని తంబాకు డబ్బీ మూత మీద వేలుతోని టక్ టక్ కొట్టుకుంట, గల్లీలకు ఎవరొచ్చిండ్రు ఎవరు పోయిండ్రు అన్నీ చూసేది. కొత్త మనిషి వస్తే దగ్గేది. ఆ దగ్గు వినంగనే లోపల బాపు లేచి నిలబడేటోడు. పక్కింట్ల రూతాంటి వాళ్ళుండేది. వాళ్ళు ఏలూరు దిక్కోళ్ళు, అంకుల్ చర్చిల పని చూసేటోడు. ఆంటీ పాటలు పాడుకుంట అల్లం చాయ్ పెట్టేది. మా ఇంట్ల జొన్నరొట్టె కాలే వాసన, వాళ్ళింట్ల అల్లం వాసన గల్లీ మధ్యల కలిసేటివి. ఆదివారం పదింటికి గల్లీ పిల్లలందరికి ఆంటీ వాళ్ళ వాకిట్ల సండే స్కూలు ఉండేది. బిస్కెట్ ఇస్తదని హిందువుల పిల్లలం మేమే ముందు కూసునేటోళ్ళం.

గసొంటి ఒక పొద్దుగాల గోడకున్న గండిల నుంచి ఒక మేడం మా గల్లీలకు వచ్చింది. గండి అంటే గోడల రాళ్ళు ఊడిపోయి పడ్డ సందు, మనిషి వంగి దూరొచ్చు. మేమంతా పుల్లలకు దాంట్లకెల్లే పోయేది. మేడం క్యాంపస్‌లనే పెద్ద చదువు చదువుతున్నదట, పేరు నీలిమ. మెడల టేపు ఉన్నది. మా అవ్వ దగ్గింది సూడు, గల్లీ మొత్తం దడదడ తలుపులు ఏసుకున్నది. పాపం మేడం ఒక్కతే గల్లీల నిలబడి, పిల్లలున్నరా, ఆదివారం ఆదివారం అడవిల ఫ్రీగ చెట్లు, పిట్టల గురించి చెప్తాం, పంపించండి అని మూసిన తలుపులతోని మాట్లాడుతున్నది. ఆఖరికి రూతాంటీనే బయటికొచ్చి ఆ టేపు ఎందుకమ్మా అని అడిగింది. మేడం చెప్పింది విని, మా తలుపు సందులకెల్లి అవ్వకు చెప్పింది.

"భయం లేదు మామ్మగారూ. చెట్ల నడుం కొలుస్తారంట."

"ఏందీ, చెట్లకు జాకెట్లు కుడ్తరా?" అన్నది మా అవ్వ లోపలికెల్లి.

మేడం పక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే తలుపులు ఒక్కొక్కటి తెర్సుకున్నయి. గయినా అవ్వకు ఫ్రీ అన్న మాట మీద నమ్మకం లేకుండె. ఊకె ఇచ్చేటోడు ఊకె ఇయ్యడు అనేది. రూతాంటీనే పూచీ ఉన్నది. పదింటికల్లా పిల్లలను సండే స్కూలుకు తోలాలని మేడంతోని మాట తీస్కొని, ఆ చెట్లూ పిట్టలూ కూడా ప్రభువు చేసినవే కదండీ అని అవ్వను ఒప్పించింది.

ఇగ నా కష్టం అడవిల మొదలైంది. నోరు మూసుకొని నడవాలె అన్నది మేడం. మాట్లాడితే పిట్టలు పోతయట. నేను మాట్లాడకుండ ఉన్నది నా జిందగీల గప్పుడే. నిద్రల కూడ మాట్లాడేదాన్ని నేను. మంచు పడ్డ సాలెగూడు చూసిన, లోపల గుండెల మాట ఉబ్బుతున్నది, బయటికి రానిస్తలేను. మోదుగ చెట్టు మీద వడ్రంగిపిట్ట టకటక కొడుతున్నది, మా బాపు సుత్తె తీరుగనే ఉన్నది అని చెప్పాల్నని ఉన్నది, చెప్తలేను. నెమలి మా ముంగటికెల్లే తోక గుంజుకుంట దర్జాగ పోయింది. మేం రోజు పుల్లలేరే అడివే అది, గానీ ఎన్నడు తలకాయ పైకెత్తి చూసినం? పుల్లలు నేల మీదనే ఉంటయి గదా. గట్ల రెండు మూడు ఆదివారాల మాటలన్నీ నా కడుపుల ఆగిపోయినయి. గప్పుడే మేడం పెద్ద పెద్ద కాయితాలు, రంగు పెన్సిళ్ళు పంచి, మీ ఇంటి నుంచి గీడిదాంక వచ్చే తొవ్వల ఏమేం చెట్లు, ఏమేం జీవాలు కనబడ్తయో మ్యాపు గీయండి అన్నది.

కడుపుల మాటలన్నీ కాయితం మీద కక్కిన. గోరింకలు రోజు మా ఇంటి మీది కరెంటు వైరు మీద వరుసగ కూసుంటయి, గోరింకలను గీయాలంటే వైరు గీయాలె. ఆ వైరు క్యాంపస్ లోపలి లైటు స్తంభం నుంచి గోడ దాటుకొని కొక్కెంతోని మా ఇంట్లకు వస్తది, గది గీసిన. ముంగిస గోడ సందులకెల్లి దూరుతది, సందు గీసిన. పిచ్చుకలు నల్లా పైపు కారే కాడ నీళ్ళు తాగుతయి, ఆ పైపు ఏ పెద్ద పైపుకు అతికిచ్చిండ్రో గదీ గీసిన. రూతాంటి కోళ్ళు గోడ అవుతల కట్టిన తడికెల ఉంటయి, గది గూడ. నడిమిట్ల మా ఇల్లు, నీలం కవరు, కవరు మీద రాళ్ళు, గడప మీద అవ్వ. మేడం చూసి ఎంత మెచ్చుకున్నదో. ఆఖరి ఆదివారం అన్ని మ్యాపులు చెట్ల కింద ఏలాడదీస్తం, క్యాంపస్ పెద్ద సారు చూడనీకి వస్తడు అని చెప్పి కాయితాలన్నీ తీస్కున్నది.

ఇంటికొచ్చి రొట్టె తినుకుంట ఈ ముచ్చటంత సంబురంగ చెప్పిన. వైరు అన్నప్పుడు అమ్మ చెయ్యి రొట్టె మీద ఆగిపోయింది. సందు అన్నప్పుడు బాపు తలకాయ ఎత్తిండు. పైపు అన్నప్పుడు పెనం మీద రొట్టె మాడి పొగొచ్చింది, ఎవ్వరు తీస్తలేరు. పెద్ద సారు వస్తడట అనంగనే అవ్వ తంబాకు డబ్బీ కింద పెట్టింది. అవ్వ డబ్బీ కింద పెట్టుడు నేను గప్పుడే చూసిన.

"టేపుతోని కొలిచి పోయినోళ్ళు నయం. ఇది బొమ్మ గీసి చేతుల పెట్టొచ్చింది" అన్నది అవ్వ.

నన్ను ఎవ్వరు కొట్టలే. కొడితేనే బాగుండు అనిపించింది. పొద్దూకేవరకు గల్లీ గల్లీ మా వాకిట్ల ఉన్నది. కొందరు రూతాంటీని అన్నరు, నీ మాట మీదనే పంపినం గదమ్మా అని. ఆంటీ ముఖం చిన్నగ చేసుకొని, నేనే వెళ్ళి అడిగి తెచ్చేస్తానండీ అని తెల్లారి మేడం హాస్టల్‌కు పోయింది. మేడం ఊరికి పోయిందట, ఆదివారందాంక రాదట, రూముకు తాళం. ఇగ ఆ వారమంత మా గల్లీ ఏం చేసిందంటే, నా మ్యాపును అబద్ధం చేసే పనిల పడ్డది. బాపు కొక్కెం పీకి వైరు చుట్ట చుట్టి మంచం కింద పెట్టిండు. అందరు అట్లనే పీకిండ్రు, గల్లీ మొత్తం చీకటి, కిరసనాయిల్ బుడ్లు వెలిగినయి. సందుల రాళ్ళు పేర్చి ముండ్లకంప కొట్టిండ్రు. పైపు మీద మన్ను పోసిండ్రు. రూతాంటి కోళ్ళను ఇంట్లకు తెచ్చుకున్నది, అవి అంకుల్ బైబిల్ పెట్టుకునే బల్ల ఎక్కినయి. గోరింకలు పొద్దుగాల వచ్చి, వైరు లేక, రేకుల మీద దిగి ఒకటే లొల్లి. వాటికేం తెలుసు. అమ్మ బియ్యం డబ్బా, బట్టల పెట్టె బౌద్ధనగర్‌ల మా మేనత్త ఇంటికి పంపింది. పెట్టె పోయిన జాగ ఖాళీగ కనబడేది. ఇల్లు పోతే ఇట్లనే ఉంటది గావచ్చు అనుకునేదాన్ని.

ఆఖరి ఆదివారం అమ్మ ఇంట్లనే ఉన్నది. లోపల మనిషుంటే కూలగొట్టరని మా గల్లీల ఒక నమ్మకం. గడపల కూసొని పొరక పక్కన పెట్టుకున్నది. బాపు పనికి పోకుండ తెల్లంగి ఏసుకున్నడు. అవ్వ పెట్టెల చీర కట్టుకున్నది, డాంబర్ గోలీల వాసన. రూతాంటి చర్చి చీర కట్టుకొని, చర్చి మానుకొని వచ్చింది. సందు మూసినం గదా, తార్నాక రోడ్డు మీదికెల్లి చుట్టు తిరిగి, ఎన్నడు పోని పెద్ద గేటులకెల్లి పోయినం. దారి పొడుగున నాకు ఒకటే మాట నూరిపోసిండ్రు. ఏమడిగినా నోరిప్పొద్దు.

చెట్టుకు చెట్టుకు తాడు కట్టి, బట్టల క్లిప్పులతోని మ్యాపులు ఏలాడదీసిండ్రు. గాలికి ఊగుతున్నయి. నాది నడిమిట్ల ఉన్నది. మేడంను పట్టుకొని మ్యాపు అడిగి తీస్కుందామంటే అప్పటికే పెద్ద సారు వచ్చిండు. తెల్ల జుట్టు, అద్దాలు, అంగీ టక్ చేసుకున్నడు, చేతులు వెనకకు కట్టుకొని ఒక్కొక్క మ్యాపు కాడ ఆగుకుంట వస్తున్నడు. నా దాని కాడికొచ్చి ఆగిండు. ముందుకు పోతలేడు. వంగి చూసిండు. అద్దాలు తీసి తుడిసి మల్ల చూసిండు. ఇది ఎవరు గీసిండ్రు అని అడిగిండు. మేడం సంబురంగ నన్ను ముందుకు నూకింది. వెనక బాపు ఊపిరి నాకు ఇనబడుతున్నది.

సారు వైరు మీద వేలు పెట్టి ఇవేంటమ్మా అన్నడు. నోరిప్పొద్దన్నరు గానీ, ఇన్ని ఆదివారాల సంది నోరు మూసుకున్న, ఇగ ఎంతని మూస్తా.

"గోరింకలు సార్."

"అవును, గోరింకలే. అవి దేని మీద కూర్చున్నాయి?"

రూతాంటి చెయ్యి నా భుజం మీద పడ్డది, చల్లగ ఉన్నది. నాకు అబద్ధం దొరుకుతలేదు. నిజం చెప్పొద్దు. చెట్ల మీద ఏదో పికిలిపిట్ట కూస్తున్నది, అది కూస్తనే ఉన్నది.

"వాటి కాళ్ళ మీద సార్" అన్న.

సారు నా దిక్కు చూసిండు. తర్వాత నా వెనక చూసిండు, అవ్వను, బాపు తెల్లంగిని, రూతాంటిని. ఏం సమజైందో నాకియ్యాల్టి దాంక తెల్వది. గానీ ఆయన నవ్విండు. ముందు మూతి లోపలనే నవ్వి, తర్వాత భుజాలు ఊగేటట్టు నవ్విండు. నిజమే, గోరింకలు వాటి కాళ్ళ మీదనే కూర్చుంటాయి అన్నడు. తర్వాత మేడం దిక్కు తిరిగి, ఇది బాగుంది, ఇక్కడ ఉంచకండి, వానొస్తే పాడవుతుంది, ఈ పాపకే ఇచ్చి ఇంటికి పంపించండి అన్నడు. చలికాలంల వానేంది. మేడంకు సమజ్ గాలే, గానీ క్లిప్పు తీసి నాకిచ్చింది. సారు పక్క మ్యాపు కాడికి పోయి, ఇదేం చెట్టు బాబూ అని అడుగుతున్నడు.

గేటు దాటినంక బాపు రోడ్డు పక్కన రాయి మీద కూసున్నడు. అవ్వ నా చేతులకెల్లి మ్యాపు గుంజుకొని, అటు తిప్పి ఇటు తిప్పి, తలకిందులు చేసి చూసింది. నేను రూతాంటి కోళ్ళ తడికెను క్యాంపస్ పెద్ద బిల్డింగు కంటె పెద్దగ గీసిన. రైలు పట్టాలు మా ఇంటి మీదికెల్లి పోతున్నయి. ముంగిస మా బాపు కంటె ఎత్తున్నది.

"ఓసినీ. దీన్ని పట్టుకొని మన ఇల్లు ఎతికితే నల్లకుంటల తేల్తరు" అన్నది అవ్వ.

రూతాంటి కొంగు నోట్ల పెట్టుకొని నవ్వుడు మొదలుపెట్టింది. బాపు రాయి మీద కూసొనే నవ్విండు. గంత భయపడ్డందుకు వాళ్ళను చూసి వాళ్ళే నవ్వుకున్నరు. రోడ్డు మీద పోయేటోళ్ళు మమ్మల్ని చూసుకుంట పోయిండ్రు. అట్ల నవ్వుకుంటనే ఇల్లు చేరినం. అమ్మ దూరంకెల్లి మా నవ్వు విని, పొరక పట్టుకొని లేచి నిలబడ్డది, నవ్వుడో ఏడ్సుడో తెలుస్తలేదట ఆమెకు. సంగతి విన్నంక గడపల్నే కూలబడి కొంగుతోని ముఖం తుడుసుకున్నది. తర్వాత అవ్వ చేతులకెల్లి మ్యాపు తీస్కొని పొయ్యి కాడికి నడిసింది, మల్ల ఎవరి కంట పడొద్దని.

బాపు అడ్డం పోయిండు. బాపు ఎక్వ మాట్లాడే మనిషి కాదు.

"కాలబెట్టకు. మన ఇల్లు కాయితం మీదికి ఎక్కుడు ఇదే మొదలు."

అమ్మ చెయ్యి ఆగింది. గప్పుడు అందరం మల్ల చూసినం, ఈసారి నవ్వకుండ. నేను గీసిన మా ఇల్లు ఒక్క అర్ర ఇల్లులెక్క లేదు. అడివంత ఒక దిక్కు, మా ఇల్లు ఒక దిక్కు, గంత పెద్దగున్నది. బాపు మైదా ఉడికిచ్చి, తలుపు ఎనక గోడకు దాన్ని అతికిచ్చిండు. తలుపు తెర్సినప్పుడు అది ఎవరికి కనబడదు, ఏసుకున్నప్పుడు మాకు కనబడ్తది. ఆ సాయంత్రం బాపు వైరు మల్ల ఏసిండు. తెల్లారంగనే గోరింకలు వాటి జాగలకు వచ్చినయి.

ఇప్పుడా సందు లేదు, గోడ ఎత్తు లేపి మీద ముండ్ల తీగ పెట్టిండ్రు. మీటరు కరెంటు, నల్లా అన్నీ సక్కగనే ఉన్నయి. మొన్న అడవిల చూస్తే పిల్లలు దుర్బిన్లు మెడలేసుకొని కార్లల్ల దిగుతున్నరు, తల్లులు వాళ్ళ వెనక నీళ్ళ సీసలు పట్టుకొని ఉరుకుతున్నరు. మంచిగనే ఉన్నది, నాకు కుళ్ళేం లేదు, చెట్టు అందరిదీ. చిన్ని కూడ మస్తు చూసింది. కాకపోతే దాన్ని నోరు మూసుకొమ్మంటే టక్కున మూసుకుంటది, నా బిడ్డేనా అని డౌటొస్తది. దానికి కడుపుల దాసుకునే భయమేం లేదు గదా, నోరు మూసుకున్నా తెరిసినా దానికి ఒకటే. గది చూస్తే నాకు పాణం నిమ్మలమైతది. ఇల్లు పోతదేమో అన్న ఆలోచన దాని తలకాయల ఎన్నడు రాలే.

మాకు కాయితం నేను పెద్దమనిషినైనంక వచ్చింది. ఎంత తిరిగిండ్రో, ఎంతమంది కాళ్ళు మొక్కిండ్రో అదంత వేరే కథ. బాపు ఊర్లోళ్ళ ఇండ్లు ఆపి, మా ఇంటికి పునాది తీసిండు. మైదాతోని అతికిచ్చిన మ్యాపు గోడతోని పాటే రాలిపోయింది, దాని గురించి ఎవ్వరం బాధపడలే. దాంతోని పనైపోయింది గదా. తలుపు బిగిచ్చిన దినం బాపు నీలం రేకు మీద తెల్ల అంకెలతోని నంబరు ప్లేటు తెచ్చి, నాలుగు మేకులు కొట్టి, ఎనకకు జరిగి చూసి, ఇంకొక మేకు కొట్టిండు.

అవ్వకు అప్పటికి కండ్లు సరిగ ఆనుతలేవు, అంకెలు ఎట్లయినా చదవరాదు. గడప కొత్తది, ఎత్తున్నది, నేను, అమ్మ పట్టుకొని కూసోబెట్టినం. గల్లీల ఒక ఎల్లిగడ్డలమ్మే మనిషి బండి నూక్కుంట వస్తున్నడు. అవ్వ దగ్గలే. ఆయన్ను పిలిచి నిలబెట్టింది, కొననీకి కాదు. నా మోచెయ్యి గుంజి, ఏ పిల్లా, నంబరెంతనో ఈనకు చెప్పు అన్నది. నేను చెప్పిన. ఆయన పాపం ఏం సమజ్ గాక తలకాయ ఊపిండు.

"గంతేనా నీ నోరు? గట్టిగ చెప్పు, ఇయ్యాల ఎవరికి భయం" అన్నది అవ్వ.

మల్ల చెప్పిన. గోడ అవుతల చెట్ల మీది పిట్టలు లేచిపోయేటట్టు చెప్పిన.